పద్నాలుగు పట్టీలూ ఒక గంటా

1వ రోజు

బడుల శాఖవాళ్లకి పంపే చిట్టా వేరే ఉంది. అందులో అంకెలు తప్ప ఏమీ పట్టవు. ఇది నా చిట్టా. కోపం వస్తే ఇందులో కోపం అనే రాస్తాను, సంతోషం వస్తే సంతోషం అనే రాస్తాను. ఇవాళ సంతోషం!

నీళ్ల మీద తేలే మూడో తెప్ప బడిలో నాకు సహాయ ఉపాధ్యాయిని పని ఇచ్చారు. పొద్దున్నే వెళ్లి తరగతి గది తాళ్లు వదులు చేశాను. పోటు రాకముందే వదులు చెయ్యకపోతే గది పక్కకి ఒరిగి బల్లలన్నీ ఒక మూలకి జారిపోతాయి. తర్వాత పద్నాలుగు మంది పిల్లలు తాళ్ల వంతెన మీద నుంచి వరసగా వచ్చారు. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లు. కూర్చోగానే అందరూ ఎడమ చేతులు బల్ల మీద పెట్టారు, మణికట్టు మీది పట్టీ పైకి కనిపించేలా. ఎవరూ చెప్పకుండానే! ఆ చేతులు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మనసు కుదురుగా ఉంటే పట్టీ ఆకుపచ్చగా వెలుగుతుంది. కొంచెం చెదిరితే పసుపు. కోపమో, భయమో, ఏడుపో పొంగితే ఎరుపు. ఎరుపు ఆరు నిమిషాలు దాటితే గోడ మీది గంట దానంతట అదే మోగుతుంది. ఎవరి పట్టీకి మోగిందో వాళ్లని చల్లగదిలో కూర్చోబెడతారు. ఒకే పిల్లకి మూడుసార్లు మోగితే మొదటి తెప్ప మీదున్న ఒంటిబడికి పంపేస్తారు. ఒక గది, ఒక తెర, ఒక పిల్ల. అంతే. నిరుడు అక్కడి నుంచి తిరిగొచ్చిన గంగరాజు మా ఇంటి పక్కనే ఉంటాడు. వాడి పట్టీ ఎప్పుడూ ఆకుపచ్చే. పేరు పెట్టి పిలిచినా ఆకుపచ్చే, వాళ్లమ్మ ఎదురుగా కూర్చుని ఏడ్చినా ఆకుపచ్చే.

నా తరగతిలో నూకరత్నానికి ఇప్పటికే రెండుసార్లు మోగింది. ఎనిమిదేళ్లు. నుదుటి మీద జుట్టు, పిడికిట్లో పలకపుల్ల, కళ్లలో నిప్పు. అచ్చం నాలాంటి పిల్ల.

ఇరవై ఒకటో రోజున శాఖ నుంచి అచ్యుతాంబ గారు తనిఖీకి వస్తారు. ఆలోగా ఈ తరగతిని భయం లేని తరగతిగా పిల్లల చేతే కట్టిస్తానని ప్రధానోపాధ్యాయుడు గవరయ్య మాస్టారికి చెప్పాను. ఆయన ముక్కు మీది కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి నన్ను చూశారు.

“ఏటమ్మా విమోచనా, నువ్వు బడికొచ్చావా, యుద్దానికొచ్చావా?”

“రెంటికీ మాస్టారూ!”

మా ఇంట్లో ఎండుచేపలు చుట్టడానికి తెచ్చే కాగితాలు మునిగిపోయిన పాత ఊరి ముద్రణాలయం నుంచి వచ్చేవి. ఈతగాళ్లు కట్టలు కట్టలుగా పైకి తీసి, ఎండబెట్టి అమ్మేవారు. అన్నీ కరపత్రాలే. నా చదువంతా వాటి మీదే. నాలుగో నంబరు కరపత్రం పేరు ‘తరగతి ఎవరిది?’ గోడలు మేస్త్రీ కట్టవచ్చు, తరగతిని మాత్రం పిల్లలే కట్టుకోవాలి అని మొదటి వాక్యం. చివరి పేజీ చేప నూనెకి చిరిగిపోయింది. పరవాలేదు, చివరి పేజీ నేను రాస్తాను!

3వ రోజు

పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి అడిగాను. “ఈ గదిలో మీకు ఎప్పుడు భయమేస్తుంది?”

పద్నాలుగు ఆకుపచ్చలు. చివరికి అందరికన్నా చిన్నది, ఆరేళ్ల పైడితల్లి, గౌను అంచు నములుతూ అంది. “నవ్వితే.”

“ఎవరు నవ్వితే?”

“నాను సదివితే ఆలందరూ నవ్వుతారు.”

“అది నవ్వొచ్చీలాగే సదువుద్ది టీచరప్పా!” అన్నాడు ఎల్లాజీ. తొమ్మిదేళ్లవాడు, ఈ గదికి తనే పెద్దమనిషిననుకుంటాడు. “‘పడవ’ అని ఉంటే ‘వడప’ అంటాది. నవ్వక ఏడమంతావేటి?”

“నీ అచ్చరాలు సూసుకోరా ముందల! కప్పలు గెంతినట్టుంతాయి!” అని నూకరత్నం లేచింది. పట్టీ పసుపు. కానీ అది మళ్లీ కూర్చుని, తనే చెప్పింది. వాళ్ల నాన్న పడవ మీద ఒక పద్ధతి ఉందట. పొద్దున్న పడవ ఎక్కేముందు పెద్దాయన అందర్నీ “నీ నీరేటి?” అని అడుగుతాడు. లోపల బాగుంటే ‘ఆటు’ అనాలి. బాగోకపోతే ‘పోటు’ అనాలి. పోటు అన్నవాడికి ఆ రోజు వల తాడు ఇవ్వరు, తేలిక పని ఇస్తారు.

“ఎందుకని అడగరా?” అన్నాను.

“అడగరు. నవ్వరు. ఆడి పక్కన ఒకలు కూకుంటారు, అంతే. సముద్రం మీదకెల్లి కొట్లాడుకుంటే సచ్చిపోరేటి!” అంది నూకరత్నం, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

కరపత్రాలన్నీ వెతికినా ఇలాంటి మాట ఒక్కటి దొరకదు! నేను ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, గది ఊగింది. ఆ పూటే బొగ్గుతో గోడ మీద పిల్లలే రాశారు.

ఒకటి. పొద్దున్నే అందరూ ఆటో పోటో చెప్పాలి. పోటు అన్నవాళ్లని ఎందుకని అడక్కూడదు, పక్కన కూచోవాలి.

రెండు. తప్పు చదివితే నవ్వకూడదు. మరీ నవ్వొస్తే బల్ల కిందకి దూరి నవ్వుకోవాలి. (ఇది ఎల్లాజీ బేరం.)

మూడు. ఎవరి వస్తువైనా అడిగి తీసుకోవాలి. (ఇది నూకరత్నం. రెండో గంట మోగింది దాని పలకపుల్ల పోయినందుకే.)

నాలుగోది రాయడానికి ఎల్లాజీ బొగ్గు తీసుకున్నాడు. నా వైపు చూశాడు. బొగ్గు కింద పెట్టేశాడు.

“తరవాత సెప్తాను టీచరప్పా.”

8వ రోజు

అయిదు రోజులుగా ఒక్క ఎరుపు లేదు! పసుపు కూడా లేదు! గవరయ్య మాస్టారు గోడ మీది రంగుల లెక్క మూడుసార్లు చూసి “ఈ గుంటలేనా?” అన్నారు. ఈ పిల్లలే! నిన్న పైడితల్లి ఒక పేజీ మొత్తం చదివింది. ‘వడప’ అనే చదివింది. బల్ల కింద నలుగురున్నారు, పైన నవ్వినవాడు ఒక్కడూ లేడు.

పిల్లలు ఒళ్లో తడిగుడ్డ మూటలు పెట్టుకుని వస్తున్నారు. గదంతా చేపల వాసన. మధ్యాహ్నానికి తెచ్చుకున్న చేపలనుకుంటాను. బీదపిల్లల కూడు వాసనకి ముక్కు మూసుకునే ఉపాధ్యాయినిని కాదు నేను. ఏమీ అనలేదు.

రాత్రి కూర్చుని అచ్యుతాంబ గారి ముందు చదవడానికి ప్రసంగం మొదలుపెట్టాను. ఇప్పటికే నాలుగు పేజీలు.

12వ రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

లెక్కలు దిద్దుతూ నూకరత్నం చేతిలో పలకపుల్ల పెట్టబోయాను. అది జారి కింద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. చెయ్యి పట్టుకుంటే చచ్చిన చేపలా చల్లగా ఉంది. పట్టీ కింద చర్మం తెల్లగా పాలిపోయి పగిలింది. ఒళ్లో మూట విప్పాను. ఐసు.

పద్నాలుగు మూటల్లోనూ ఐసే. పట్టీ చర్మం వేడినీ నాడినీ చూసి రంగు మారుతుంది. లోపల ఎంత మండుతున్నా మణికట్టు ఐసులో పెడితే ఆకుపచ్చే చూపిస్తుంది. చేపల పెట్టెల్లోంచి ఎల్లాజీ ఐసు తెచ్చి వంతెన దగ్గర పంచుతున్నాడట. నాలుగో రోజు నుంచి.

“రత్తానికి మూడోది మోగకూడదు గదా. మరి నువ్వు కూడా...” అని ఆగిపోయాడు ఎల్లాజీ.

“నేను కూడా? నేనేం చేశాను?”

“ఆకుపచ్చ సూస్తే నువ్వు గెంతుతావు. పసుపు సూస్తే నీ మొకం...”

అప్పుడు నేను ఆగాల్సింది. ఆగలేదు. మూట నేలకేసి కొట్టాను. మీ కోసం నేను పడుతున్న పాటేమిటి, మీరు చేస్తున్న మోసమేమిటి అన్నాను. మీరే నిజం చెప్పకపోతే ఈ పట్టీలకి వ్యతిరేకంగా నేను ఎలా పోరాడను అన్నాను. పిల్లలు మూటలు వదిలేసి గోడకి ఆనుకున్నారు. పైడితల్లి చెవులు మూసుకుంది. నాకు కనపడుతూనే ఉంది, అయినా నోరు ఆగలేదు.

గంట మోగింది. ఒక్కో పట్టీకి ఒక్కోసారి మోగుతుందది. పద్నాలుగుసార్లు మోగింది. ఆరు నిమిషాలు నేను ఆపకుండా అరిచాననే కదా దానర్థం!

అందులో ఒకటి నూకరత్నానికి మూడోది.

13వ రోజు

శాఖ నుంచి కాగితం వచ్చింది. ఇరవై ఒకటో రోజున తనిఖీ అయ్యాక నూకరత్నాన్ని తమ పడవలోనే ఒంటిబడికి తీసుకెళతారట. గవరయ్య మాస్టారు చదివి నా చేతికిచ్చారు.

“నాను ముప్పయ్యేళ్లు సేసినానమ్మా ఈ పని. నా తరగతిలో కూడా పద్నాలుగు ఎప్పుడూ మోగనేదు.”

తిట్టినా బాగుండేది.

తరగతికి వెళ్లి నేల మీద కూర్చున్నాను. కరపత్రం భాషలో ఏదో చెప్పబోయి ఆపేశాను. “నిన్న నేను చేసింది తప్పు. మిమ్మల్ని భయపెట్టాను. క్షమించండి” అన్నాను. తర్వాత ఎల్లాజీ లేచి, బొగ్గు తీసుకుని, గోడ మీద నాలుగోది రాశాడు.

‘టీచరప్ప అరవకూడదు.’

మూడో రోజు రాయబోయి ఆగింది ఇదే.

“అప్పుడే చెప్పొచ్చు కదరా!”

“సెప్తే అరుస్తావేమో అనీసి.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నూకరత్నం మాత్రం నవ్వలేదు. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని అంది. “మా నాయన అరిస్తే అమ్మకి సెప్పుకుంతాను. ఎల్లాజీగాడు అరిస్తే నీకు సెప్తాను. నువ్వు మా కోసమే అరుస్తావు గదా. అప్పుడు ఎవలికి సెప్పాల?”

రాత్రి ఆ జవాబు కోసం కట్టలన్నీ తిరగేశాను. ఏ కరపత్రంలోనూ లేదు.

17వ రోజు

కానీ పిల్లల దగ్గర ఉంది! అబ్బ, ఏం పిల్లలు!

నాక్కూడా పట్టీ కట్టాలన్నారు. పెద్దవాళ్లు ఎవరూ కట్టుకోరు, అలాంటి నియమం లేదు. “మా ఎరుపు నువ్వు సూస్తన్నావు. నీ ఎరుపు మాకు కనపడొద్దేటి?” అంది నూకరత్నం. గవరయ్య మాస్టారు కొట్టు గదిలోంచి పాత పట్టీ ఒకటి వెతికి ఇచ్చారు, నవ్వు ఆపుకుంటూ.

కట్టుకున్న క్షణంలో పసుపు. మామూలుగా ఉన్నప్పుడే పసుపు! నాలుగో నంబరు కరపత్రం గట్టిగా చదివాను, ఎరుపు. తొమ్మిదిమంది బల్ల కిందకి దూరారు.

నాలుగు రోజులుగా ఇదే పాఠం. నాకు ఎరుపు వస్తే పిల్లలు ఏం చెయ్యాలి, వాళ్లలో ఒకరికి వస్తే మిగతావాళ్లేం చెయ్యాలి. ఐసు లేదు. అందరూ మీద పడి ఓదార్చకూడదని పైడితల్లి కనిపెట్టింది, ఊపిరాడదట. ఒకరే పక్కన కూర్చోవాలి. చేతిలో ఉన్న పని వేరేవాళ్లు తీసుకోవాలి. “ఎందుకు?” అని అడగకూడదు. మొదటిరోజు నాకు ఎరుపు దిగడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. నేనే గంట మోగించిన మొదటి ఉపాధ్యాయినినయ్యాను! నిన్న అయిదు. ఇవాళ నాలుగు!

నూకరత్నం తన మూడో గంట గురించి ఎవరితోనూ మాట్లాడటం లేదు. మధ్యాహ్నం మాత్రం నా దగ్గరికొచ్చి నిలబడింది.

“ఒంటిబడిలో కిటికీ ఉంతాదా?”

తెలియదన్నాను. అబద్ధం చెప్పలేదు.

“తనికీకొచ్చే ఆయమ్మ ముందర కూడా పట్టీ కట్టుకునే ఉండు. తియ్యకు” అంది.

21వ రోజు

అచ్యుతాంబ గారు రాక్షసి కాదు. నేను రాక్షసినే ఊహించుకున్నాను. అరవై ఏళ్లుంటాయి, నడిస్తే ఒక కాలు లాగుతుంది, గొంతు మెత్తన. పక్కన ఇద్దరు గుమాస్తాలు. బయట పడవ ఆగి ఉంది. నూకరత్నం వాళ్లమ్మ కట్టిన బట్టల మూట గుమ్మం పక్కనే ఉంది.

పదకొండు పేజీల ప్రసంగం చేతిలో పట్టుకుని మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే ఆవిడ చెయ్యెత్తారు.

“అమ్మాయీ, ఏడో తెప్ప ఎలా మునిగిందో నీకు తెలుసా? అప్పటికి నువ్వు పుట్టి ఉండవు. కెరటం ముంచలేదు. ఎవరో భయపడి అరిచారు. అందరూ ఒకే పక్కకి పరిగెత్తారు. తెప్ప తిరగబడింది. నా కాలు అక్కడే విరిగింది. నీళ్ల మీద బతికేవాళ్లకి భయం అంటురోగం. ఈ పిల్లని పంపించడం ఈ పిల్ల మంచికే.”

పిల్ల మంచికే! నా పట్టీ ఎర్రగా భగ్గుమంది. గుమాస్తాలు లేచి నిలబడ్డారు. నోరు తెరిచాను.

పైడితల్లి వచ్చి నా పక్కన కూర్చుంది. “టీచరప్పా, పోటా?”

నోరు మూసుకున్నాను. “పోటే” అన్నాను.

ఎందుకని ఎవరూ అడగలేదు. నూకరత్నం వచ్చి నా చేతిలోంచి పదకొండు పేజీలూ తీసుకుని ఎల్లాజీకిచ్చింది. వాడు బల్ల మీద పెట్టి వాటి మీద పలక పెట్టాడు, గాలికి ఎగరకుండా. మిగతావాళ్లు లెక్కలు చేసుకోవడం మొదలుపెట్టారు. పద్నాలుగు పట్టీల్లో మూడు పసుపు, మిగతావి ఆకుపచ్చ. ఐసు లేదు! ఎదురుగా ఎర్రగా మండుతున్న మనిషిని పెట్టుకుని ఒక్కరు కూడా గోడకి ఆనుకోలేదు. అచ్యుతాంబ గారు గడియారం చూస్తూ ఉన్నారు. మూడు నిమిషాల నలభై సెకన్లకి నా పట్టీ పసుపుకి దిగింది.

“ఇది ఎవరు నేర్పారు?” అన్నారావిడ.

“ఆయమ్మకి మేమే నేర్పినాం” అన్నాడు ఎల్లాజీ, నన్ను చూపించి.

ఆవిడ పన్నెండో రోజు పట్టీల నమోదు తెరిపించారు. తెర మీద చూపించారు. అర నిమిషంలో పద్నాలుగూ ఒకేసారి ఎర్రబడ్డాయి. “ఒక పిల్ల నుంచి మొదలైతే ఒకటి తర్వాత ఒకటి ఎర్రబడతాయి. అన్నీ ఒకేసారి అయ్యాయంటే కారణం పిల్లల్లో లేదు, వాళ్లకి ఎదురుగా ఉంది. ఎవరున్నారు ఎదురుగా?”

“నేను” అన్నాను. అంతకుముందు వారం రోజుల ఆకుపచ్చ కూడా ఐసు ఆకుపచ్చ అని, నేను దాన్ని గుర్తించలేదని నేనే చెప్పాను. గవరయ్య మాస్టారు తల పట్టుకున్నారు.

అచ్యుతాంబ గారు చాలాసేపు రాశారు. పన్నెండో రోజు గంటలు పిల్లల పేరు మీద నుంచి తీసి నా పేరు మీద వేశారు. నేను పదిహేను రోజులు తరగతి గడప తొక్కకూడదు. నూకరత్నానికి రెండే లెక్క. ఐసు మళ్లీ కనపడితే మాత్రం తరగతినే మూసేస్తారు. ఇకపై మోగేది నిజమైన మూడోది.

“రేపటి నుంచి ఈ గదిని ఎవరు చూసుకుంటారు?” అనడిగారు ఆవిడ.

“మాస్టారు పాటం సెప్తారు. మిగతాది మేం సూసుకుంతాం” అంది నూకరత్నం, బట్టల మూట వాళ్లమ్మ చేతిలో పెడుతూ.

నాకు కేకలు వెయ్యాలనిపించింది, సంతోషంతో. వెయ్యలేదు. నాలుగోది గోడ మీద ఉంది కదా.

24వ రోజు

గడప తొక్కకూడదన్నారు గానీ గది కిందకి వెళ్లకూడదని ఎవరూ అనలేదు. తరగతి గది తేలేది ఇనప డ్రమ్ముల మీద. వాటికి పట్టిన సముద్రపు చిప్పలు గీకే పని అడిగి తీసుకున్నాను. చిన్న పడవలో వెల్లకిలా పడుకుని, గదికి అడుగున, చెక్కల సందుల్లోంచి మాటలు వింటూ గీకుతున్నాను.

మాస్టారు నీళ్ల కొలతలు రాసుకోవడానికి బయటికెళ్లారు. పైన గలాటా మొదలైంది.

“నా డబ్బా ఏదిరా?”

“గవ్వలు లెక్కెట్టుకోడానికి తీసుకున్నాను, ఇచ్చెయ్యనేటి!”

“అడిగినావా? అడిగినావా నన్ను?”

చెక్కల సందుల్లోంచి ఎర్రటి వెలుగు నా మొహం మీద పడింది. నూకరత్నం. ఐసు లేదు, టీచరప్ప లేదు, మాస్టారు లేరు. నేను గీకుడు ఆపి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒక నిమిషం. “పోటా?” అంది పైడితల్లి గొంతు.

“కనపడ్డం నేదేటి!” అని నూకరత్నం అరిచింది. ఎవరో పక్కన కూర్చున్న చప్పుడు. ఎందుకని ఎవరూ అడగలేదు. రెండు నిమిషాలు. ఎల్లాజీ ఏదో అనబోతే ఇద్దరు ‘ఉష్’ అన్నారు. మూడు. ఎరుపు అలాగే ఉంది. పడవ అంచు పట్టుకుని లేవబోయాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చెబితే! గడప! చచ్చినట్టు పడుకున్నాను. నాలుగు. అయిదు.

అయిదు దాటింది. అయిదుంపావు.

“ఎల్లాజీ” అంది నూకరత్నం. అరవలేదు. “డబ్బా నాది. నువ్వడగనేదు. అందుకే నాకు కోపమొచ్చింది. నిన్ను కొట్టాలని ఉంది. కొట్టను.”

డబ్బాలో గవ్వలు గలగలమన్నాయి.

“అడగనేదు. తప్పే” అన్నాడు ఎల్లాజీ. “ఇదిగో. గవ్వలు కూడా ఉంచుకో, సగం.”

“సగం ఎవడిక్కావాల! నా డబ్బా నాకీ.”

నా మొహం మీది ఎరుపు పసుపైంది. గంట మోగలేదు. మోగలేదు! నేను ఉన్న చోటు మరిచిపోయి ఒక్కసారి లేచి కూర్చున్నాను. నా తల ధనామని గది అడుగు చెక్కకి తగిలింది.

పైన అంతా ఆగిపోయింది. చెక్కల సందులో ఒక కన్ను కనపడింది.

“టీచరప్పా! కిందన ఉన్నావా?”

“చిప్పలు గీకుతున్నానే రత్నం!”

“నీకింకా పన్నెండు రోజులున్నాయి. ఎల్లు! మేం లెక్కలు సేసుకోవాల!”

“దెబ్బ తగిలిందేటి?” అని పైడితల్లి గొంతు వెనక నుంచి.

“తగిలింది!”

“మరి ఏడు కొంచెం. ఎవలూ ఏటీ అనరు” అని, కన్ను పక్కకి తప్పుకుంది.

తల పట్టుకుని, పగలబడి నవ్వుతూ పడవ బయటికి తోశాను. బొప్పి ఇంకా సలుపుతోంది. శాఖకి పంపే చిట్టాలో ఇవాళ్టి గడిలో నూకరత్నం పేరుకెదురుగా గంటలు రెండు అనే మాస్టారు రాసి ఉంటారు.